ఈ వీకెండ్ మా మజిలీ

“కోటు వేసుకో చాలు. లోపల ఏముందో ఎవరికి కనిపిస్తుంది?” అన్నాడు మా ఆయన, ఫోన్ కెమెరా అద్దాన్ని చొక్కా అంచుతో తుడుస్తూ.

లోపల ఏముందంటే, పాత టీషర్టు ఉంది. దాని మీద పొద్దున్నుంచి చిట్లిన నూనె ఉంది, పొట్ట దగ్గర అంట్ల నీళ్ళ తడి ఉంది, భుజం మీద చెయ్యి తుడుచుకున్న పసుపు ఉంది. ఆ టీషర్టు లోపల, రేపు సోమవారం ప్రొఫెసర్‌కి ఒక జవాబు చెప్పాల్సిన మనిషి ఉంది. ఆయన అన్నది నిజమే, ఏదీ కనిపించదు. ఎర్ర కోటుకి మెడ దాకా గుండీలు పెట్టుకుంటే అన్నీ లోపలే.

స్టవ్ కట్టేసి కిందికి దిగాను. ఆయన ఉండే వీధి చివర కాలవ మీద చిన్న వంతెన ఉంది. ఇనప కటకటాలకి పూలకుండీలు వేలాడుతుంటాయి. అక్కడ నిలబెట్టి, “కాస్త ఎడమకి జరుగు, చెత్తబుట్ట పడుతోంది. నవ్వు. అలా కాదు, ఊరు చూసి ఆనందిస్తున్నట్టు నవ్వు” అన్నాడు. నవ్వాను. పక్కకి వచ్చి చెయ్యి చాపి ఇద్దరం పడేలా ఇంకోటి తీశాడు. మేం మెట్లెక్కేలోపే ఆ ఫోటో ‘మన ఇల్లు’ గ్రూపులో పడిపోయింది. కింద ఎప్పటి మాటే: ‘ఈ వీకెండ్ మా మజిలీ.’ నేను కోటు విప్పి కొక్కేనికి తగిలించి మళ్ళీ స్టవ్ వెలిగించాను. మూకుడు ఇంకా వేడిగానే ఉంది. ఊరు చూసి రావడానికి అంతే పట్టింది.

ఆ వంతెనని అటునుంచి తీశాడు, ఇటునుంచి తీశాడు, మంచు పడ్డప్పుడు తీశాడు. వంతెన అయిపోతే ఫౌంటెన్, ఫౌంటెన్ అయిపోతే లైబ్రరీ మెట్లు. అన్నీ ఫ్లాట్‌నుంచి చెప్పులేసుకుని వెళ్ళొచ్చే దూరంలోనే. నా మెడలో స్కార్ఫు మారుతుంది కాబట్టి మా అత్తగారింట్లో అది ప్రతిసారీ కొత్త ఊరు. మా ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. ఇది ఫలానా ఊరు అని ఎప్పుడూ రాయలేదు. వాళ్ళు అనుకుంటారు, ఈయన అనుకోనిస్తాడు. “నువ్వో చోట నేనో చోట ఉంటున్నామని అమ్మకి బెంగ. హాయిగా కలిసి తిరుగుతున్నామనుకుంటే ఆవిడకి నిద్ర పడుతుంది” అంటాడు. మా అత్తయ్యకి నిద్ర పట్టడం కోసం నేను కోటు వేసుకుంటాను.

దేశంకాని దేశంలో ఆయనకి ఈ ఊళ్ళో ఉద్యోగం. నాకు ఇంకో ఊళ్ళో పీజీ. మధ్యలో రైలు మారాలి. సీటు నేను పరీక్ష రాసి తెచ్చుకున్నాను, మార్కులు చూసి ఫీజు కూడా వాళ్ళే తీసేశారు. అయినా ఆఫీసులో ఎవరికి పరిచయం చేసినా “మా ఆవిణ్ణి చదివిస్తున్నాను” అంటాడు. ఎలా చదివిస్తున్నాడో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. బహుశా శనివారం నా పుస్తకాల సంచి సోఫా మీద అడ్డంగా ఉంటే తీసి కింద పెట్టడం కాబోలు.

మొదటిసారి నేను నిజంగా ఆయన కోసమే వచ్చాను. బెంగపడి వచ్చాను. తలుపు తీసేసరికి సింకు నిండా గిన్నెలు, ఫ్రిజ్‌లో ఎండిపోయిన బ్రెడ్డు, మనిషి మొహం పీక్కుపోయి ఉంది. జాలేసింది. వండాను. నేను కూర కలుపుతుంటే వెనకనుంచి వచ్చి భుజం మీద గడ్డం ఆనించి “ఇప్పుడిది ఇల్లులా ఉంది” అన్నాడు. కరిగిపోయాను. ఇంజనీరింగ్‌లో ఏ లోహం ఎంత వేడికి కరుగుతుందో నేర్పించారు గానీ దీని గురించి ఎవరూ చెప్పలేదు. మరుసటి వారం వచ్చేసరికి బల్లమీద రిబ్బన్ కట్టిన పెట్టె. “నీకోసం” అన్నాడు. విప్పితే గాజు డబ్బాలు, నాకిష్టమైన నీలం రంగు మూతలతో, వారానికి సరిపడా. నేను థ్యాంక్స్ కూడా చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా యూనివర్సిటీ స్టూడెంట్లకి రైలు పాస్ ఇస్తుంది, వారాంతాల్లో నాలుగు ఊళ్ళు చూసి నేర్చుకుంటారని. దానిమీద ఒక కోట, ఒక కొండ, ఒక పడవ బొమ్మలుంటాయి. “నీకు ఫ్రీనే కదా. నేనొస్తే టికెట్ దండగ” అన్నాడు మా ఆయన. దాంతో తేలిపోయింది, వచ్చేది నేనని. శుక్రవారం ఆఖరి క్లాసు అవగానే పరిగెడతాను. నా క్లాస్‌మేట్లు కొందరు అదే రైలెక్కుతారు. వాళ్ళు సముద్రం దాకా వెళ్తారు. నేను మధ్యలో దిగి రైలు మారుతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపుతారు, నువ్వు ఇంకెక్కడికో ఇంకా బాగున్న చోటికి వెళ్తున్నావన్నట్టు.

ఒకసారి జ్వరంతో వచ్చాను. గిన్నెలు తోముతూ కళ్ళు తిరుగుతుంటే స్టూలు మీద కూర్చున్నాను. “అంత బాలేనప్పుడు ఎందుకొచ్చావు? నేనేమైనా రమ్మన్నానా?” అన్నాడు. కోపంగా కాదు, ప్రేమగానే అన్నాడు. రమ్మని ఆయన ఎప్పుడూ అనలేదు. గురువారం సాయంత్రం ఖాళీ అయిన డబ్బాల ఫోటో పంపిస్తాడు, అంతే. పక్కన ఒక ఏడుపు బొమ్మ.

ఇక మా ల్యాబులో ఒక రోబో ఉంది. బల్లమీద గ్లాసులెత్తి సింకు పక్క స్టాండులో పెట్టడం దాని పని. దానికి పేరేదో ఉంది గానీ నేను మనసులో అల్లుడుగారు అంటాను. ఎందుకంటే ఆయన చెయ్యి లేపితే చుట్టూ అరడజను మంది నిలబడతారు. ఒకరు వైరు సర్దుతారు, ఒకరు వెలుతురు సరిచేస్తారు, ఒకరు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆయన ఆలోచిస్తాడు. గ్లాసు చుట్టూ వేళ్ళు చేరుస్తాడు. మళ్ళీ ఆలోచిస్తాడు. చివరికి గ్లాసు పగలకుండా స్టాండులోకి చేరితే ల్యాబంతా చప్పట్లు. మొదటిసారి నేనూ కొట్టాను. రెండోసారి కొడుతుంటే చేతులు వాటంతటవే ఆగిపోయాయి. బల్లమీది గ్లాసు సింకు దాకా చేరడం ఎంత కష్టమైన పనో చెప్తూ ఎంతమంది ఎన్ని పేపర్లు రాశారో నాకు తెలుసు. అన్నీ చదివాను. రైల్లో చదివాను, ఒళ్ళో ఉల్లిపాయల సంచి పెట్టుకుని.

అందులో నా పని తడి గ్లాసు. పొడి గ్లాసు ఎవరైనా పట్టుకుంటారు. తడిది జారేముందు వేళ్ళకి సన్నటి వణుకు తెలుస్తుంది. ఆ వణుకుని అల్లుడుగారి వేళ్ళలోని సెన్సర్లు పట్టుకుని, పగిలేంత గట్టిగా కాకుండా, జారిపోయేంత మెత్తగా కాకుండా పట్టు బిగించాలి. ఆ కోడ్ నాది. పరీక్షలు చేసేది నా పార్టనర్. మా ఇద్దరిదీ ఒకే దేశం కాదు. నా తల ఆ పిల్ల భుజం దగ్గరికొస్తుంది కాబట్టి నాకు తను పొడుగు. తనకి నేను టూరిస్ట్. రోబో వారమంతా రీసెర్చ్ వాళ్ళ దగ్గర ఉంటుంది, మాలాంటి వాళ్ళకి శనాదివారాలే దొరుకుతుంది. ఆ రెండురోజులూ నేను ఉండను. సెమిస్టరంతా పొడుగు ఒక్కతే గ్లాసులు తడిపి, పెట్టి, పగిలినవి ఊడ్చి, రికార్డింగులు పంపింది. సోమవారం నేను కళ్ళు నులుముకుంటూ వస్తే “ఏం టూరిస్ట్, ఎలా ఉంది ట్రిప్? కొండా, సముద్రమా?” అంటుంది. అందులో దెప్పు ఉంటుంది. ఉండాలి కూడా.

“వంట చెయ్యడానికి వెళ్ళాను” అని ఒక్కసారీ చెప్పలేదు. “సముద్రం” అన్నాను. ఎందుకు చెప్పలేదో రైల్లో చాలాసార్లు ఆలోచించాను. ఊళ్ళు తిరిగే అమ్మాయంటే కొంచెం బాధ్యత తక్కువ, అంతే. ఆ మాట మొయ్యొచ్చు. పరీక్ష రాసి, సీటు తెచ్చుకుని, ఇంతదూరం వచ్చి, వారంవారం రైలెక్కి ఇంకొకడి గిన్నెలు తోమడానికి వెళ్తోందంటే ఆ అమ్మాయిని ఏమంటారు? ఏదో అంటారని కాదు. ఏమీ అనరు, జాలిగా చూస్తారు. ఆ చూపు పడలేక అటు ల్యాబులో టూరిస్ట్‌నయ్యాను, ఇటు అత్తగారింట్లో టూరిస్ట్‌నయ్యాను. రెండు చోట్లా తిట్లు తింటున్నది చెయ్యని షికార్లకి.

మొన్న గురువారం ప్రొఫెసర్ నన్ను గదికి పిలిచింది. తెల్లజుట్టు ఆవిడ, చేతిలో కాఫీ కప్పు లేకుండా ఎవరూ చూడలేదు. “నీ తడి గ్లాసు కోడ్ బాగుంది. థీసిస్‌కి ఈసారి ఒక్కరినే తీసుకోగలను. నిన్నే తీసుకోవాలని ఉంది” అంది. “కానీ రోబో నీకు దొరికేది వారాంతాల్లోనే. నువ్వు ఊళ్ళు తిరుగుతుంటావని విన్నాను. తప్పేం లేదు, నీ వయసులో నేనూ తిరిగాను. రెండూ మాత్రం కుదరవు. సోమవారం చెప్పు. వద్దనుకుంటే నీ పార్టనర్‌ని అడుగుతాను.”

నిన్న, శనివారం, ఉల్లిపాయలు తరుగుతూ మా ఆయనకి చెప్పాను. సోఫాలో పడుకుని ఫోన్ చూస్తున్నాడు.

“ఓ, మంచిదే” అన్నాడు.

“మంచిదే అంటే?”

“మంచిదే. నేనెప్పుడైనా చదువుకోవద్దన్నానా?” ఫోన్ కిందికి దించాడు. “మరి నా తిండి?”

ఇంకో ఉల్లిపాయ తీసుకున్నాను. ఉల్లిపాయ ఒక సౌకర్యం, కళ్ళనీళ్ళకి సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

“పోనీ ఇలా చెయ్. శుక్రవారం రా, వండేసి శనివారం పొద్దున్నే బండెక్కెయ్. పాస్ ఉందిగా. లేదంటే ఇంట్లో కూర్చుని చేసుకునే టాపిక్ ఏదైనా అడుగు. అయినా గ్లాసులెత్తే రోబో ఏంటి? గ్లాసు ఎత్తడానికి పీజీ కావాలా?” అని తన జోకుకి తనే నవ్వి, తాగిన గ్లాసు సోఫా చెయ్యి మీద పెట్టాడు. అల్లుడుగారైతే కనీసం స్టాండు దాకా తీసుకెళ్ళేవాడు.

ఇవాళ పొద్దున్న మిగతా వంట, మధ్యలో వంతెన, ఫోటో. ఆఖరి కూర దించి డబ్బాల్లోకి సర్దుతుంటే ఆదివారం ఫోన్ మోగింది. వీడియోలో అత్తయ్య, పక్కన మా ఆయన అక్క. మా ఆయన ఫోన్‌ని నీళ్ళ సీసాకి ఆనించి వంటగట్టు చివర పెట్టాడు, మా మొహాలు, వెనక తెల్లగోడ మాత్రమే పడేలా. ఆ ఫ్రేము ఆయనకి బాగా అలవాటు.

“ఏ ఊరు అమ్మాయ్ ఇవాళ?” అంది అత్తయ్య.

నేను నోరు తెరిచేలోపు వదిన అందుకుంది. “మా తమ్ముడు నిన్ను భలే తిప్పుతున్నాడు. మీ అన్నయ్యగారు నన్ను సందు చివర కూరగాయల కొట్టుకి కూడా తీసుకెళ్ళరు.”

“తిప్పాడు, బాగానే ఉంది. ఇంక చాలు” అంది అత్తయ్య. “మొన్న ఏదో సబ్జెక్టులో మార్కులు తగ్గాయన్నావట. తగ్గవా మరి? శుక్రవారం వచ్చిందంటే కాలు నిలవదు. నువ్వెళ్ళింది చదువుకోడానికా, ఊళ్ళు చూడ్డానికా? వాడు మెతక, ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తాడు. నువ్వైనా ఆలోచించుకోవాలి కదా తల్లీ. ఇవాళ్టితో ఈ తిరుగుళ్ళు మానెయ్. బుద్ధిగా నీ రూములో ఉండి చదువుకో. నీ మంచికే చెప్తున్నా.”

నా చేతిలో నీలం మూత ఉంది. మా ఆయన వైపు చూశాను. ఆయన కెమెరా వైపు చూస్తూ, పెద్దవాళ్ళు అంటుంటారు పోనీలే అన్నట్టు చిన్నగా నవ్వుతున్నాడు. తన వంతు తిట్లు నాకు పడుతుంటే చూసే నవ్వు అది. నోరు విప్పి ఒక్కమాట, ‘అమ్మా, తనెక్కడికీ తిరగట్లేదు’ అని ఒక్కమాట అంటాడని ఎన్ని ఆదివారాలు చూశానో. ఇన్నాళ్ళూ ఈ మాటలకి నేను “సరే అత్తయ్యా” అనేదాన్ని, అని మూతలు పెట్టుకునేదాన్ని. ఇవాళ కూడా అదే అన్నాను.

“సరే అత్తయ్యా. మీరు చెప్పినట్టే మానేస్తాను. వచ్చే శనివారం నుంచి ఎక్కడికీ రాను, ల్యాబులోనే ఉంటాను.”

“బంగారు తల్లి” అంది అత్తయ్య.

మా ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం నావైపు తిరిగాయి. “ఎక్కడికీ అంటే? ఇక్కడికి కూడానా?”

“నేను వచ్చేది ఇక్కడికే కదా.”

“మరి వంట?” అన్నాడు.

అనేశాక తెలిసింది ఆయనకి, ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉందని.

“వంటేంట్రా?” అంది అత్తయ్య. “ట్రిప్పులో వంటేంటి?”

“అంటే... అది కాదమ్మా. తను వచ్చినప్పుడు కాస్త ఏదో...”

నేను ఫోన్ తీసి గట్టు వైపు తిప్పాను. మూత పెట్టినవి, పెట్టనివి, ఇంకా ఆవిరి వస్తున్నవి. ఆ వెనక సింకు. ఆ పక్కన తొక్కల గుట్ట. నెమ్మదిగా తిప్పాను, ఆయన వంతెన తీసినంత ఓపిగ్గా.

“ఇవే అత్తయ్యా మేం చూసిన ఊళ్ళు.”

అవతల అత్తయ్య ఫోన్ దగ్గరికి లాక్కున్న చప్పుడైంది. ఆ కాసేపట్లో నాకు ఎంత ఆశ పుట్టిందో చెబితే సిగ్గుచేటు. ఈవిడా జీవితమంతా గట్టు ముందు నిలబడ్డ మనిషే కదా, ఇప్పుడు కొడుకుని ఒక్కమాట అడుగుతుందనుకున్నాను.

“ఓస్, ఇంతేనా” అంది అత్తయ్య. గొంతులో భారం దిగిపోయింది. “నేనింకా తెగ తిరుగుతున్నారనుకుని బాధపడ్డాను. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా పిచ్చిదానా. మొగుడికి వండిపెట్టడానికి వెళ్తే తిరుగుడెలా అవుతుంది? దానికెవరు వద్దంటారు? వెళ్ళు, వెళ్ళు. చదువెక్కడికి పోతుంది, ఎప్పుడైనా చదువుకోవచ్చు.”

“ఇప్పుడే కదమ్మా రూములో ఉండి చదువుకోమన్నావు” అంది వదిన, మెల్లగా, తనలో తను అనుకున్నట్టు.

“నువ్వూరుకో.”

మా ఆయన ఊపిరి వదలడం వినిపించింది. ఆ చప్పుడుకి నాకు ఒళ్ళు చల్లబడింది. కోపం వస్తే ఒళ్ళు మండుతుందంటారు, మండే దశ దాటాక ఇలా ఉంటుంది కాబోలు. అరగంటసేపు కొండ చూస్తే చదువు పాడవుతుంది, వారంవారం రెండురోజులు గిన్నెల్లో పోస్తే పాడవదు. నాకోసం రైలెక్కితే షికారు, ఆయన కోసం ఎక్కితే సంసారం. అదే రైలు, అదే పాస్, అదే మార్కులు. వీళ్ళు నా చదువు గురించి బెంగపడలేదు. నేను ఎక్కడైనా సంతోషంగా ఉన్నానేమోనని బెంగపడ్డారు. లేనని తెలియగానే అందరికీ ఊపిరి ఆడింది.

ఫోన్ మళ్ళీ నావైపు తిప్పుకున్నాను.

“మీరు ముందు చెప్పిందే బాగుంది అత్తయ్యా. నేను దానికే కట్టుబడతాను. ఉంటాను” అని పెట్టేశాను.

మా ఆయన లేచాడు. “ఏంటిది? అమ్మ ముందు నా పరువేం కావాలి?”

“ఏం చేశాను? ఫోటోలో పడనివి చూపించాను.”

“కూర్చుని మాట్లాడుకునే విషయం ఇది. ఇలా రచ్చ చెయ్యక్కర్లేదు.”

“నిన్న చెప్పాను కదా, నువ్వు పడుకుని ఉన్నావు.”

“అయితే వారమంతా నేనేం తినాలి?”

“తెలీదు” అన్నాను. పెళ్ళయ్యాక ఆ ప్రశ్నకి నేను ఆ జవాబు చెప్పడం అదే మొదటిసారి. ఇంత చిన్న మాట.

చివరికి పాతదే తీశాడు. “అసలు నేనెప్పుడైనా నిన్ను రమ్మన్నానా?”

“లేదు. అందుకే రావట్లేదు.”

ఆఖరి కూర మూకుట్లోనే వదిలేశాను. కొక్కేనికున్న కోటు తీసుకుని, ఆ టీషర్టు మీదే వేసుకుని, గుండీలు పెట్టుకోకుండా స్టేషన్‌కి నడిచాను. వంతెన మీద నిజం టూరిస్టులు ఎవరో ఫోన్ చేతికిచ్చి ఫోటో తియ్యమన్నారు. తీశాను. చెత్తబుట్ట కూడా పడేలా తీశాను.

సోమవారం పొద్దున్న ప్రొఫెసర్ ల్యాబులోనే ఎదురైంది, కప్పుతో. పొడుగు వంగి అల్లుడుగారి మోచేతి వైరు బిగిస్తోంది.

“ఎలా గడిచింది వీకెండ్? ఏ ఊరు చూశావు?” అంది ప్రొఫెసర్.

“ఊరేం లేదు. మా ఆయనకి వారానికి సరిపడా వండి, గిన్నెలు తోమి వచ్చాను. సెమిస్టరంతా ప్రతి వీకెండూ అదే చేశాను” అన్నాను. నా గొంతు నాకే ఎక్కడో పక్కగదిలోంచి వినిపించినట్టుంది. “ఇక వెళ్ళను. థీసిస్ నాకు కావాలి. శనివారం స్లాట్ నా పేరు మీద రాయండి.”

పొడుగు, చేతిలో స్క్రూడ్రైవర్‌తో, అలాగే వంగి ఉండిపోయింది. నేను భయపడ్డ చూపు కోసం చూశాను. ఆ పిల్ల మొహంలో జాలి లేదు, బాగా కోపం ఉంది. “మరి సముద్రం అన్నావు” అంది.

“అంట్ల నీళ్ళు చాలా చూశాను.”

నవ్వలేదు. “సెమిస్టరంతా గాజుపెంకులు ఒక్కదాన్నే ఊడ్చాను, నీ మొగుడి కూరల కోసమా?” అంది. ఆ కోపంలో నాకూ వాటా ఉంది, తీసుకున్నాను. ప్రొఫెసర్ కప్పు బల్లమీద పెట్టి, గోడమీది చార్టులో శనివారం గడిలో నా పేరు రాసింది. ఆవిడ కప్పు కింద పెట్టడం ల్యాబులో ఎవరూ చూడలేదు అంతకుముందు.

శనివారం పొద్దున్న అల్లుడుగారి ముందు గ్లాసులు తడిపి వరసగా పెడుతుంటే ఫోన్ మోగింది. మా ఆయన పంపిన ఫోటో. తలుపు బార్లా తెరిచిన ఫ్రిజ్, లోపల ఒక నిమ్మకాయ. ఈసారి ఏడుపు బొమ్మ కూడా లేదు. చేతులు తుడుచుకున్నాను. ఆ ఫోటోని ‘మన ఇల్లు’ గ్రూపులో పెట్టి, కింద ఆయన ఎప్పుడూ రాసే మాటే రాశాను: ‘ఈ వీకెండ్ మా మజిలీ.’